అద్దంలో ఉస్తాద్

సరిహద్దుకు కర్ణాటక వైపున్న మా ఊరి బస్సు స్టాపులో కరెంటు స్తంభానికి ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సు కట్టి ఉంది. రాయచూరు బస్సు అక్కడ ఆగినప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు దాన్ని చూసి నవ్వుకుంటారు. ఫొటోలో ఒక పెద్దమనిషి తన కటింగు దుకాణం ముందు కత్తెర పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయన వెనక బోర్డు మీద కన్నడ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. మొన్న ఒక కండక్టరు బస్సు దిగి మరీ చూసి, "ప్రింటు చేసినోనికి కండ్లు లేవా ఏంది" అన్నాడు.

ప్రింటు చేసినవాడికి కళ్లు ఉన్నాయి. ఫ్లెక్సు చేయించింది నేను. బోర్డు తిరగబడుతుందని అతను ముందే చెప్పాడు. నేను తిరగబడనీ అన్నాను. ఎందుకన్నానో తెలియాలంటే ఫొటోలోని మనిషి తెలియాలి.

ఊళ్లో సగం మంది ఆయన్ని మామ అనేవాళ్లు. కులాలు వేరైనా మా నాన్న ఆయన్ని బావ అని పిలిచేవాడు, కాబట్టి నాకూ మామే. ఆయన ఎప్పుడు పుట్టాడో, ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో నాకు తెలియదు. నాకు తెలిసినవి కొన్ని అలవాట్లు. వాటిని వరసలో పెట్టి చెప్తాను. డిప్లొమా చదివినప్పటి నుంచి ఏదైనా వరసలో పెడితే తప్ప నాకు అర్థం కాదు.

ఒకటి. తల పట్టుకోగానే వంశం చెప్పేవాడు. "మీ తాతది గూడ గిదే తలకాయ. ఎనక సొట్ట, ముంగట మొండితనం." సొట్ట ఉన్న మాట నిజం.

రెండు. ఎవరు ఏ కటింగు అడిగినా "తెలుసు" అనేవాడు. పత్రికలోంచి చింపుకొచ్చిన సినిమా హీరో బొమ్మ చూపించినా తెలుసు, పోలీసు కటింగు అన్నా తెలుసు. లేచి చూసుకుంటే అందరికీ ఒకటే కటింగు. చెవుల చుట్టూ సున్నా చుట్టి, ముందు కొంచెం వదిలి, స్కూలు గ్రూపు ఫొటోకి తయారు చేసినట్టు ఉండేది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆయన మనిషితో మాట్లాడేటప్పుడు మనిషిని చూసేవాడు కాదు, అద్దంలోని మనిషిని చూసేవాడు. జీవితమంతా అద్దానికి ఎదురుగా నిలబడినవాడు మరి. రోడ్డు మీద ఎదురైతే ఎవరో పోల్చుకోవడానికి ఆయనకు కొంచెం టైం పట్టేది. తల ఒక పక్కకు వంచి, "ఓ, నువ్వా. పాపిట అటు ఉంటే గుర్తుపట్టలే" అనేవాడు.

ఆయన కష్టమంతా బస్సుతో మొదలైంది. ఆదివారం పొద్దున ఊరి కుర్రాళ్లు రాయచూరు బస్సెక్కేవాళ్లు. బస్సు మామ దుకాణం ముందునుంచే పోవాలి. పోయేటప్పుడు కిటికీల్లో గుబురు తలలు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అవే తలలు పక్కలు తెల్లగా, నడినెత్తిన మాత్రం పచ్చికలా. "పోయేటప్పుడు నమస్తే మామా అంటరు. వచ్చేటప్పుడు గంతమంది గూడ అటు దిక్కు పొలాలు సూస్తరు. అటు దిక్కు ఏమున్నదని?" అనేవాడు.

అటు దిక్కు ఏమీ లేదు. ఎండిన పత్తి చేలు.

చివరికి ఆయనకు ముసలివాళ్ల గడ్డాలు మిగిలాయి, పెళ్లికొడుకుల గోళ్లు మిగిలాయి. గోళ్ల సంగతి చెప్పాలి. మా దిక్కు పెళ్లిరోజు పొద్దున పెళ్లికొడుకును పీట మీద కూర్చోబెట్టి ఊరి మంగలి గోళ్లు తీయాలి. అది అయితేనే నలుగు, నీళ్లు, పసుపు. ఆ హక్కు మామ ఇంటిదే, తాతల నాటి నుంచి. రాయచూరు పార్లరువాడు వచ్చి తీస్తానన్నా కుదరదు. కానీ పెళ్లికొడుకు తల ముందురోజే రాయచూరు పోయి వచ్చేది. మామ ప్రతి పెళ్లిలోనూ వేళ్లు పట్టుకుని కూర్చుని, పైకి చూసి, ఆ తెల్లటి పక్కలను చూసి, అదే మాట అడిగేవాడు.

"గోళ్లు నాకు, తలకాయ రాయచూరుకా?"

పెళ్లివాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు.

అప్పుడు ఎవరో పారేయబోయిన ఫోను ఒకటి ఆయన చేతికొచ్చింది. ఆ ఫోనులో కటింగు నేర్పే వీడియోలు వస్తాయని ఆయనకు చెప్పింది నేనే. నేను సింధనూరులో ఒక రైస్ మిల్లులో యంత్రాల మెయింటెనెన్సు చూస్తాను, సెలవుకు ఇంటికొస్తాను. అలా వచ్చినప్పుడు వీడియోలు ఎలా వెతకాలో చూపించి వెళ్లాను. మళ్లీ వచ్చేసరికి ఆ వీడియోల్లో ఆయనకు ఒక ఉస్తాద్ దొరికాడు.

ఉస్తాద్ ఏ దేశంవాడో మాకెవరికీ తెలియదు. చేతుల నిండా పచ్చబొట్లు, నల్ల ఆప్రాను, గాలిలో ఒకసారి తిప్పి పట్టుకునే కత్తెర. మాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మధ్యమధ్య "తమామ్" అనేవాడు. మామకు అది చాలు.

"మనోడే" అన్నాడు నాతో. "గుల్బర్గా దిక్కు నుంచి పోయి ఉంటడు. ఉర్దూల తమామ్ అంటున్నడు గద."

నేను ఆ రోజు మామూలు కటింగు కోసమే వెళ్లాను. "కూసో ఇంజినీరు" అన్నాడు. నట్లు బిగించే ప్రతివాడూ ఆయనకు ఇంజినీరే. గుడ్డ కప్పి మెడ వెనక ముడి వేశాడు. తర్వాత అద్దంలోకి చూస్తూ రెండు చేతులూ జోడించాడు. నాకు కాదు. నా వెనక గోడ మీద, మేకుకు వేలాడే సబ్బుపెట్టెలో నిలబెట్టిన ఫోనుకు.

ఫోను వెనక గోడకు ఎందుకున్నదంటే, దాని బ్యాటరీ చచ్చిపోయింది. చార్జరు పెడితేనే బతుకుతుంది. దుకాణంలో ప్లగ్గు ఒకటే, అది వెనక గోడకే ఉంది, చార్జరు వైరు జానెడు. కాబట్టి ఉస్తాద్ వెనక గోడ మీదే పాఠం చెప్పాలి, శిష్యుడు ముందు అద్దంలోనే నేర్చుకోవాలి. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందని మామకు తోచలేదు. లోకాన్నంతా ఆయన చూసేది అక్కడే.

కటింగు మొదలుపెట్టబోతూ ఆయన కత్తెరను కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చాడు.

"మామా, చెయ్యి మార్చినవేంది?"

"ఇది కొత్త పని. పాత చేతికి రాదు."

"ఆయన కుడిచేత్తోనే చేస్తున్నడు గద."

"ఎవరు?"

"ఫోన్ల ఆయన."

మామ అద్దంలోకి వేలు చూపించాడు. "కండ్లు పెట్టి సూడు. ఏ చెయ్యి?"

అద్దంలో ఉస్తాద్‌ది ఎడమచెయ్యే. నేను వెనక్కి తిరగబోయాను. మామ నా తల పట్టుకుని ముందుకు తిప్పాడు. "కదలకు. కత్తెర ఉన్నది."

"అద్దంల కుడి ఎడమ అయితది మామా. ఒక్కసారి ఎనకకు తిరిగి సూడు."

"నేను ఎనకకు తిరిగితే నీ తలకాయ ఎవరు సూడాలె?"

"కింద అక్షరాలు వస్తున్నయి సూడు. ఉల్టా ఉన్నయి."

"ఆ దేశం అక్షరాలు గట్లనే ఉంటయి. నువ్వు పోయి సదివొచ్చినవా?"

ఆ దేశం అక్షరాలు ఎట్లుంటాయో నాకూ తెలియదు.

ఇక కత్తెర సంగతి. మామూలు కత్తెర కుడిచేతి కోసమే చేస్తారు. కుడిచేతిలో ఉన్నప్పుడు వేళ్ల ఒత్తిడికి రెండు బ్లేడులూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. అదే ఎడమచేతిలో పెడితే దూరమవుతాయి. వెంట్రుక మధ్యలో మడతపడుతుంది, కొంత తెగుతుంది, కొంత జారిపోతుంది, కొంత ఊడి వస్తుంది. ఆ రోజు నా తల మీద ఈ మూడూ జరిగాయి. పాపిట ఎప్పుడూ లేని వైపుకు, కుడివైపుకు పోయింది. అంతా అయ్యాక మామ వెనక్కి జరిగి, అద్దంలో నాకు బొటనవేలు చూపించి, చూపుడువేలు కిందికి చూపించి, గాలిలో గంట కొట్టినట్టు ఆడించాడు. ప్రతి వీడియో చివర లైకు కొట్టమని, కింద గంట నొక్కమని ఉస్తాద్ చేసే సైగ అదే. కటింగు పూర్తయిందని చెప్పే మర్యాద అదేనని మామ అనుకున్నాడు. ఆ తర్వాత ఎవరి తల అయినా ఆ గంట కొట్టకుండా ఆయన గుడ్డ విప్పలేదు.

మర్నాడు మిల్లుకు టోపీ పెట్టుకుని వెళ్లాను. టోపీ తీయాల్సి వచ్చినప్పుడు మా సూపర్‌వైజరు చూసి, "ఎల్లి మాడిసిది?" అన్నాడు కన్నడలో, ఎక్కడ చేయించావని. వెటకారం అనుకున్నాను. కాదు. నిజంగా అడ్రసు కావాలట. కొసలు ఎగుడుదిగుడుగా ఉండటం ఇప్పుడు ఫ్యాషనట, దానికోసం పెద్ద ఊళ్లలో వేరే పళ్ల కత్తెర వాడతారట. మామ చవక కత్తెర తప్పుడు చేతిలో పడి అదే పని చేసింది.

ఊరి కుర్రాళ్లు ఒక్కొక్కరే బస్సు దిగి దుకాణంలోకి రావడం మొదలుపెట్టారు. దుకాణంలో రెండు పద్ధతులు ఏర్పడ్డాయి. ముసలివాళ్లకు కుడిచేతి కటింగు. కుర్రాళ్లకు ఎడమచేతి కటింగు. వచ్చినవాడు కుర్చీలో కూర్చుని "ఎడమది" అంటే చాలు. మా ఊరి కుర్రకారు పాపిటలన్నీ కుడివైపుకు మారాయి.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. తప్పుగా బిగించిన బెల్టు తిరుగుతున్నా సరే, నేను చూస్తూ ఊరుకోలేను. సింధనూరు నుంచి పొడుగు వైరు పెట్టి ఒక ఎక్స్‌టెన్షను బాక్సు చేసి తెచ్చాను. ఫోను తీసి అద్దం కింద అలమర మీద, ఎదురుగా పెట్టాను. "ఇప్పుడు సూడు మామా."

మామ చూశాడు. చాలాసేపు చూశాడు. ఉస్తాద్ కుడిచేత్తో కత్తెర తిప్పి పట్టుకున్నాడు. "తమామ్" అన్నాడు.

"గీయన ఎవరు?" అన్నాడు మామ.

"ఉస్తాదే మామా."

"కాదు. గీయన నకలు. మా ఉస్తాద్‌ది ఎడమచెయ్యి."

తర్వాతి సెలవుకు వచ్చి చూస్తే ఫోను మళ్లీ సబ్బుపెట్టెలో, వెనక గోడ మీద. నా ఎక్స్‌టెన్షను బాక్సుకు టేబులు ఫ్యాను తగిలించి ఉంది. "నీ బాక్సు మంచిగున్నది అల్లుడా. గాలి ఇప్పుడు నేరుగా వస్తున్నది" అన్నాడు.

ఇంతలో మా అన్న పెళ్లి కుదిరింది. పెళ్లి రెండు రోజులుందనగా గోళ్లకు రమ్మని మామకు కబురు పంపితే రానన్నాడు. ఆయన తాతల కాలం నుంచి ఎవరూ అనని మాట అది. మా ఇంట్లో ఇలాంటివి చక్కబెట్టేది మా మేనత్త, నాన్నకు అక్క. భర్త పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటుంది. ఆమే నేరుగా దుకాణానికి వెళ్లింది. అన్నా, నేనూ వెంట వెళ్లాం.

"ఏందయ్య, రానన్నవంట?"

"వస్త వదినె. గోళ్లు, తలకాయ రెండు కలిపి ఇస్తే వస్త. విడిగ అయితే రాను."

"గోళ్లు తీసుడు నీ హక్కు. తలకాయ పిల్లగాని ఇష్టం."

"గోళ్లు ఎవరికి కనపడతయి వదినె? ఫొటోల తలకాయ పడతది. ఒక్క పెళ్లికొడుకన్న నా తలకాయతోని పీటల మీద కూసోవాలె. నేను ఉన్నప్పుడే."

అత్త అద్దంలోకి చూసింది, ఆయన అక్కడే ఉన్నాడు కాబట్టి. అన్నతో, "ఏమంటవురా?" అంది.

అన్న నా తలను ఒకసారి చూశాడు. "తమ్మునికి చేసినట్టు చేస్తే సరే. ఎడమది."

"ఎడమదేంది?"

చెప్పక తప్పలేదు. అత్త మొహం మారిపోయింది. "పసుపు తగలకముందే పెళ్లికొడుకు తల మీద ఎడమచెయ్యా? తాంబూలం ఇస్తమా ఎడమచేత్తోని? కుడిచేత్తోని చేస్తే చెయ్యి, లేకుంటే వద్దు."

"కుడిచేత్తోని అయితే నేను రాయచూరు పోత" అన్నాడు అన్న. "తాత లెక్క కూసోవాల్నా పెళ్లిల?"

ఎడమచేతికి అత్త ఒప్పుకోదు. కుడిచేతికి అన్న ఒప్పుకోడు. మామ దువ్వెన కడుగుతూ ఉండిపోయాడు. పోనీ గోళ్లకే వస్తాలే అంటాడని అనుకున్నాను. దువ్వెన తుడిచి జేబులో పెట్టుకుని, "పిల్లగానికి నచ్చినట్టు చేస్త. కుడిచెయ్యి కనపడాలె, గంతే గద? నువ్వు కూసోని నీ కండ్లతోని సూడు వదినె" అన్నాడు.

పెళ్లిరోజు పొద్దున ఆయన పనిముట్ల పెట్టెతో పాటు దుకాణం అద్దం కూడా గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. పందిరి గుంజకు నాచేత కట్టించాడు. "జర కుడికి. ఇంక జర. కిందికి వంచు." పెళ్లికొడుకు చూసుకోవడానికైతే అంత వంచనక్కరలేదు. నేను లెవెలు చూసి సరిచేయబోతే చేతి మీద కొట్టాడు. "నీ లెవెలు మిల్లుల సూసుకో."

ఇక్కడ మా అత్త ఎక్కడ కూర్చుందో చెప్పాలి. మా ఇంటి పెళ్లిళ్లన్నీ ఆమె మాట మీదే నడుస్తాయి. ముహూర్తం, వంట, పెట్టుపోతలు అన్నీ ఆమె చెప్పినట్టే. శుభం పని మొదలయ్యే గడియకు మాత్రం ఆమె లోపలి గదిలోకి పోయి తలుపు వెనక కూర్చుంటుంది. పొమ్మని ఎవరూ చెప్పరు. రమ్మనీ చెప్పరు. అక్కడి నుంచే అరుస్తూ పెళ్లి నడిపిస్తుంది.

గోళ్లు అయ్యాయి. మామ దువ్వెన తీసి, ఉస్తాద్ లేకపోయినా గాలికి దండం పెట్టి, కత్తెర ఎడమచేతిలోకి తీసుకున్నాడు. నేను పక్కనే తువ్వాలు పట్టుకుని ఉన్నాను. లోపలి నుంచి అత్త గొంతు వచ్చింది.

"కుడిచెయ్యేనా?"

"అద్దంల సూడు వదినె. కండ్ల ముందే ఉన్నది."

ఆమె ఏమీ అనలేదు. మామ నన్ను చూసి, "లోపలికి పోయి నూనె తే పో" అన్నాడు. వెళ్లాను. నూనెగిన్నె అత్త పక్కనే ఉంది. వంగి తీసుకుంటూ తల ఎత్తి బయటికి చూశాను. ఆమె కూర్చున్న చోటి నుంచి, సగం మూసిన తలుపు సందులోంచి, పీట కనపడదు, అన్న కనపడడు, మామ కనపడడు. గుంజకు కట్టిన అద్దం ఒక్కటే కనపడుతుంది. అందులో పందిరి మొత్తం ఉంది. పసుపు పళ్లెం, ముత్తయిదువలు, పీట మీద అన్న. వాడి వెనక ఎదురుగా చూస్తూ మామ. కత్తెర ఆయన కుడిచేతిలో ఉంది.

నేను సంవత్సరం పాటు చెప్పి, బాక్సు చేసి, వైరు లాగి అర్థం చేయించలేకపోయిన సంగతి ఆయనకు అంతా అర్థమైంది. ఎప్పుడు అర్థమైందో తెలియదు.

కటింగు బాగా వచ్చింది. అంటే, ఎగుడుదిగుడుగా వచ్చింది. రాయచూరు నుంచి వచ్చిన అన్న స్నేహితులు ఎక్కడ చేయించావని అడిగారు. మామ వెనక్కి జరిగి బొటనవేలు చూపించి, గాలిలో గంట కొట్టాడు. పెళ్లి ఫొటోలన్నిటిలోనూ ఆయన పీటల వెనకే ఉన్నాడు, అన్న తల కనపడేలా కొంచెం పక్కకు జరిగి. అద్దం ఆ రోజంతా గుంజకే ఉంది. తలంబ్రాలు అయ్యేదాకా ఆయన దాన్ని విప్పలేదు.

సాయంత్రం నేను పట్టుకున్నాను. "మామా, నీకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అద్దం సంగతి."

ఆయన తల పక్కకు వంచి నన్ను గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూశాడు. "అద్దం సంగతి నాకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది ఇంజినీరు?" అని గోనెసంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి కుర్రాళ్లకు మళ్లీ ఎడమచెయ్యే, ఫోను మళ్లీ వెనక గోడ మీదే.

ఈ వానాకాలం ఆయన పోయాడు. గుండె అన్నారు. కుర్రాళ్లంతా ఫ్లెక్సు కట్టాలన్నారు, ఆ పని నాకు అప్పజెప్పారు. మామ ఫొటోలు వెతికితే ఒంటరిగా ఉన్నది ఒక్కటే దొరికింది. ఫోను రాకముందుది. దుకాణానికి కొత్త బోర్డు పెట్టిన రోజు తీసింది. బోర్డు కింద నిలబడి, కత్తెర కుడిచేత్తో పట్టుకుని నవ్వుతున్నాడు. ప్రింటు చేసేవాడు నమూనా పంపాడు. ఇంట్లో అందరికీ చూపించాను. బాగుందన్నారు. అత్త ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి తిరిగిచ్చేసింది.

"ఇది ఆయన కాదు. చెయ్యి తప్పు."

"తప్పేంది అత్తా? కుడిచెయ్యే గద."

"అదే చెప్తున్న. ఆయన ఎడమచేత్తోని గద కోసేటోడు. మీ అన్నకు చేయలేదా?"

"నీకు అద్దంల కుడిచెయ్యి కనపడ్డది గద."

"బొట్టు పెట్టుకున్నన్నాళ్లు అద్దంల సూసే పెట్టుకున్న. అద్దంల ఏ చెయ్యి ఏదో నాకు తెల్వదా?"

"మరి అప్పుడెందుకు ఊకున్నవ్?"

అత్త బియ్యం చేట దగ్గరికి లాక్కుంది. రాళ్లు ఏరుతూ అంది.

"మాట్లాడితే అద్దం తీస్కపోతడని."

బయటికొచ్చి ప్రింటు చేసేవాడికి ఫోన్ చేశాను. ఫొటోను అటుదిటు చేయమన్నాను. చేస్తే వెనక బోర్డు మీద అక్షరాలు తిరగబడతాయని అతను చెప్పాడు. కావాలంటే బోర్డు చెరిపేస్తానన్నాడు. వద్దన్నాను.